మా వంటింట్లో పనికొచ్చే డైట్ చార్టు ఇవ్వండి: చెన్నైలో బరువు తగ్గించే ఆపరేషన్లు చేసే ఆసుపత్రులకు బహిరంగ లేఖ

చెన్నైలో బేరియాట్రిక్ సర్జరీలు, అంటే బరువు తగ్గించే ఆపరేషన్లు చేస్తున్న ఆసుపత్రుల యాజమాన్యాలకు, సర్జన్లకు, డైటీషియన్లకు, పేషెంట్ కోఆర్డినేటర్లకు నమస్కారం.

నేను పెరంబూరులో ఉండే తెలుగు టీచర్ని. మా పుట్టిల్లు గూడూరు దగ్గర ఒక పల్లెటూరు. మా వైపు ఎవరికి ఏ పెద్ద జబ్బు చేసినా రైలెక్కి చెన్నై వచ్చేస్తారు. వచ్చినవాళ్ళు మా ఇంట్లోనో, గ్రీమ్స్ రోడ్డు సందుల్లో గ్యాస్ పొయ్యితో సహా అద్దెకిచ్చే గదుల్లోనో దిగుతారు. నాకు తమిళం వచ్చు కాబట్టి ఓపీ చీటీ రాయించడం దగ్గర్నుంచి డిశ్చార్జి బిల్లు కట్టేదాకా వాళ్ళ వెంట తిరిగేది నేనే. కొన్నేళ్ళుగా అలా వచ్చేవాళ్ళలో బరువు తగ్గించే ఆపరేషన్ కోసం వచ్చేవాళ్ళు ఎక్కువయ్యారు. మా అక్కకూ ఇక్కడే గ్యాస్ట్రిక్ బైపాస్ చేయించాం, అంటే పొట్టను చిన్న సంచిగా చేసి, పేగులో మొదటి భాగాన్ని దాటవేసి కలిపే ఆపరేషన్.

ఆపరేషన్ మీద నాకు ఏ ఫిర్యాదూ లేదు. అక్కకు రెండు మోకాళ్ళూ అరిగిపోయాయి. రాత్రిళ్ళు గురకతో ఊపిరి ఆగినట్టయి ఉలిక్కిపడి లేచేది. ఇన్సులిన్ వేసుకుంటున్నా షుగర్ అదుపులో ఉండేది కాదు. ఇప్పుడు ఇన్సులిన్ లేదు, మేడ మెట్లు తనంతట తాను ఎక్కుతోంది. అందుకు మీ సర్జన్లకు చేతులెత్తి దణ్ణం పెడతాను. నేను అడగబోయేది ఆ తర్వాతి సంగతి. పేషెంటు చెన్నై దాటి ఇంటికి చేరాక ఏం తినాలి, ఏ మాత్రలు ఎన్నాళ్ళు మింగాలి, ఒంట్లో తేడా చేస్తే ఎవరికి చెప్పాలి అన్నవి మీరు చేతికిచ్చి పంపే కాగితాల్లో మాకు అర్థమయ్యేట్టు లేవు. దానివల్ల మావాళ్ళు ప్రమాదంలో పడుతున్నారు.

అక్కకిచ్చిన డైట్ చార్టు నా దగ్గరే ఉంది. అంతా ఇంగ్లీషు. మొదటి రెండు వారాలకి క్లియర్ సూప్, స్కిమ్డ్ మిల్క్, వే ప్రొటీన్. తర్వాత మెత్తగా మిక్సీ పట్టిన బ్రకోలీ, టోఫు, గ్రీక్ యోగర్ట్. ఆ తర్వాత ఓట్స్, గ్రిల్డ్ ఫిష్, క్వినోవా. కొలతలన్నీ ఔన్సుల్లో, కప్పుల్లో. డైటీషియన్ అమ్మాయి తమిళం కలిపిన ఇంగ్లీషులో ఓపిగ్గానే చెప్పింది. అక్క తల ఊపింది, బావ తల ఊపాడు. లిఫ్టు దగ్గరికి రాగానే ఇద్దరూ నన్నడిగిన మొదటి మాట, "ఇంతకీ మజ్జిగ తాగచ్చా, తాగకూడదా?"

మజ్జిగ ఆ కాగితంలో లేదు. చారు లేదు. పప్పు కట్టు లేదు, పెసరకట్టు లేదు, గుడ్డు పొరటు లేదు, చేపల పులుసు లేదు. ఇవన్నీ ఏదో ఒక దశలో తినదగ్గవే. పల్చటి మజ్జిగ, వడకట్టిన చారు మొదటి వారాల్లోనే పనికొస్తాయి. మెత్తగా ఉడికించి మెదిపిన పెసరపప్పు ప్యూరీ దశకు, అంటే గుజ్జులాంటి తిండి తినే దశకు సరిగ్గా సరిపోతుంది. ఉడకబెట్టిన గుడ్డు, కారం తగ్గించి వండిన చేప ముక్క మెత్తటి ఆహారం దశకు బ్రహ్మాండంగా కుదురుతాయి. సముద్రమూ చెరువులూ ఉన్న నెల్లూరు వైపు మనిషికి పండుగప్ప, కొరమీను అందుబాటులో ఉంటాయి. టోఫు కోసం గూడూరు బజారంతా తిరగాల్సిన పని లేదు.

కాగితంలో మాకు తెలిసిన తిండి ఏదీ లేకపోతే ఇంట్లోవాళ్ళు తమకు తెలిసింది పెడతారు. అక్క అత్తగారు రోజుకు మూడు పూటలా రాగి జావ కాచి ఇచ్చింది. ఆవిడ ప్రేమకు వంక పెట్టలేం. మా వైపు నీరసించిన మనిషికి జావ పోయడం ఎప్పట్నించో ఉన్నదే. కానీ గ్లాసు జావలో పడే రాగిపిండిలో ప్రొటీన్ రెండు గ్రాములకు మించదు. ఈ ఆపరేషన్ అయినవాళ్ళకు రోజుకు కనీసం 60 గ్రాములు కావాలని, చాలామందికి 80 దాకా అవసరమని మీరే చెబుతారు. రాగుల్లో కాల్షియం ఉంటే ఉండవచ్చు. ఆ జావతో చిన్న సంచి నిండిపోయాక ప్రొటీన్‌కు చోటెక్కడిది?

మా భోజనానికి ఒక వరస ఉంది. ముద్దపప్పు, నెయ్యి, తర్వాత కూర, పులుసు, చారు, ఆఖర్న పెరుగు. అన్నిట్లోకీ అన్నమే. మధ్యమధ్యలో మంచినీళ్ళు. బైపాస్ చేసిన కొత్తలో మిగిలే సంచిలో పట్టేది ఇంచుమించు 30 మిల్లీలీటర్లు. స్లీవ్ అనే ఇంకో రకం ఆపరేషన్ చేస్తే పొట్టలో ముప్పావు వంతుకు పైగా తీసేసి అరటికాయ ఆకారంలో ఒక గొట్టాన్ని మిగులుస్తారు, అందులో 100 నుంచి 150 మిల్లీలీటర్లు పడుతుంది. నెలలు గడిచేకొద్దీ కొంచెం ఎక్కువ పట్టినా, మా వరసలో మొదటి నాలుగు ముద్దలకే అది నిండిపోతుంది. ఆ నాలుగూ అన్నం ముద్దలే అయితే ఆ పూటకు ప్రొటీన్ అందనట్టే. 100 గ్రాముల అన్నంలో ఉండేది రెండున్నర గ్రాములు. ఒక గుడ్డులో ఆరు గ్రాములు, గ్లాసు పాలలో ఇంచుమించు అంతే, 100 గ్రాముల చేపలో 18 నుంచి 20. "ముందు గుడ్డు, చేప, పప్పు, పెరుగు తినండి. కడుపులో చోటుంటే కూర. ఇంకా మిగిలితే రెండు చెంచాల మెత్తటి అన్నం" అని తెలుగులో రాసి ఇస్తే మా అక్క అత్తగారికి ఒక్కసారికే అర్థమవుతుంది. నేను ఆవిడను కూర్చోబెట్టి లెక్క చెప్పాక ఆవిడే రోజూ గుడ్డు ఉడకబెట్టి, పచ్చసొనతో సహా మెత్తగా మెదిపి, ఉప్పూ మిరియాలపొడీ వేసి చెంచాతో ఇచ్చింది. జావ ఒక పూటకు తగ్గింది.

మాంసం ముట్టని ఇళ్ళూ మావాళ్ళలో బోలెడు. వాళ్ళకు 60 గ్రాములు చేరడం ఇంకా కష్టం. పాలు, పెరుగు, పన్నీరు, పెసరపప్పు, మీల్ మేకర్ చేర్చి, ఎన్ని చెంచాలకు ఎన్ని గ్రాములో రాయాలి. ప్రొటీన్ పొడి తప్పనిసరైతే, అది దేంట్లో కలిపితే వెగటు లేకుండా దిగుతుందో కూడా రాయాలి. అక్కకు వెనిల్లా వాసనంటే వికారం. వాసన లేని పొడిని పల్చటి పెసరకట్టులో కలిపితే తాగింది. అది కూడా పొయ్యి మీద నుంచి దించి, కాస్త చల్లారాక కలపాలి. మరుగుతుంటే వేస్తే ఉండలు కడుతుంది. ఇలాంటివి వండేవాళ్ళకు తప్ప ఇంకెవరికీ తట్టవు.

ఆ వండే మనిషినే మీరు ఎప్పుడూ లోపలికి పిలవరు. కౌన్సెలింగ్ గదిలో పేషెంటు ఉంటుంది, బిల్లు కట్టే భర్త ఉంటాడు. మా ఇళ్ళల్లో పొయ్యి దగ్గర ఉండేది అత్తగారో, అమ్మో, తోడికోడలో. వాళ్ళు ఊళ్ళో ఉండిపోతారు, లేదా వార్డు బయట బెంచీ మీద కూర్చుని ఉంటారు. వాళ్ళతో అరగంట, కుదరకపోతే వీడియో కాల్‌లో అరగంట మాట్లాడితే ఈ లేఖలో సగం రాయాల్సిన పని ఉండేది కాదు.

నీళ్ళ సంగతి. తిండితో పాటు నీళ్ళు తాగొద్దు, తిన్నాక అరగంట ఆగండి అని చార్టులో ఉంది. రోజుకు లీటరున్నర నుంచి రెండు లీటర్లు తాగాలనీ ఉంది. ఈ రెండూ ఎలా పొసగుతాయో మొదట ఎవరికీ అర్థం కాదు. ఆసుపత్రిలో నర్సు 30 మిల్లీలీటర్ల చిన్న ప్లాస్టిక్ కప్పు ఇచ్చి, పదిహేను నిమిషాలకొకసారి గుక్క గుక్కగా తాగించింది. ఇంటికొచ్చాక ఆ కప్పు లేదు. అక్కకు తెలిసింది స్టీలు చెంబు ఎత్తి గటగటా పోసుకోవడం. రెండో రోజే ఛాతీ మధ్యలో పట్టేసినట్టయి నురగ కక్కుకుంది. ఇల్లంతా గుండెపోటనుకుని హడలిపోయారు. అలాంటి కప్పులు రెండు ఇంటికిచ్చి పంపితే ఎంత ఖర్చవుతుంది?

ఇప్పుడు చెప్పబోయేదాన్ని దయచేసి రెండుసార్లు చదవండి.

ఆరో వారం దాటాక అక్కకు వాంతులు పట్టుకున్నాయి. ఏం తిన్నా, ఏం తాగినా బయటికే. మాత్రలు కూడా నిలవలేదు. ఆపరేషన్‌కు ముందు రోజూ ఫోన్ చేసి ఎప్పుడు చేరుతున్నారని అడిగిన కోఆర్డినేటర్, ఆ వారం ఫోన్ ఎత్తలేదు. దగ్గర్లోని నర్సింగ్ హోమ్‌కు తీసుకెళ్ళారు. నీరసంగా ఉన్న మనిషిని చూసి అక్కడివాళ్ళు గ్లూకోజ్ బాటిళ్ళు ఎక్కించారు. వాళ్ళను తప్పు పట్టలేను. వాంతులతో డీలా పడ్డ పేషెంటుకు ఎక్కడైనా చేసేది అదే. కానీ అక్కకు తగ్గకపోగా మనుషులు రెండుగా కనిపించడం మొదలైంది. బాత్రూముకు లేస్తే తూలిపోయింది. అడిగినదే మళ్ళీ మళ్ళీ అడిగింది. అప్పుడు బావ కారు మాట్లాడి నెల్లూరు తీసుకెళ్తే, అక్కడ చూసిన ఒక ఫిజీషియన్ "కడుపుకు ఏమైనా ఆపరేషన్ అయిందా?" అని అడిగి, వెంటనే నరానికి బి1 ఇంజెక్షన్ ఇప్పించాడు. కళ్ళు కొద్ది రోజుల్లోనే సర్దుకున్నాయి. నడక కుదుటపడటానికి చాలాకాలం పట్టింది.

అది బి1 విటమిన్, అంటే థయమిన్ లోపం అని, దాన్ని వెర్నికీ ఎన్‌కెఫలోపతి అంటారని ఆ తర్వాత తెలుసుకున్నాను. ఒంట్లో థయమిన్ నిల్వ రెండు మూడు వారాలకు మించి ఉండదు. తిండి తగ్గి, పైగా వాంతులవుతుంటే ఆ నిల్వ ఇట్టే అయిపోతుంది. ఆ స్థితిలో థయమిన్ ఇవ్వకుండా గ్లూకోజ్ ఎక్కిస్తే, ఉన్న కాస్తా ఆ గ్లూకోజ్‌ను వాడుకోవడానికే ఖర్చయిపోయి మెదడు దెబ్బతినవచ్చు. ముందు థయమిన్, లేదా రెండూ కలిపి ఇవ్వాలి. ఇది మీలో ప్రతి ఒక్కరికీ తెలుసు. గూడూరులో, వెంకటగిరిలో, శ్రీకాళహస్తిలో రాత్రి పదింటికి డ్యూటీలో ఉన్న డాక్టరుకు ఆ క్షణంలో గుర్తుకు రావాలంటే, పేషెంటు చేతిలో ఒక కార్డు ఉండాలి. "ఈమెకు ఫలానా తేదీన గ్యాస్ట్రిక్ బైపాస్ జరిగింది. వాంతులు ఆగకపోతే గ్లూకోజ్‌కు ముందు థయమిన్ ఇంజెక్షన్ ఇవ్వండి. ఈ నంబరుకు ఫోన్ చేయండి." ఇంతే. డాక్టరు కోసం ఇంగ్లీషులో ఒక వైపు, ఇంట్లోవాళ్ళ కోసం తెలుగులో ఇంకో వైపు. పర్సులో పట్టేంత కార్డు.

ఆ కార్డు మీదే ఇంకో మాట కూడా రాయాలి. ఈ ఆపరేషన్‌కు వచ్చేవాళ్ళలో చాలామందికి మోకాళ్ళ నొప్పులు ఉంటాయి. మా ఊళ్ళల్లో నొప్పి అనగానే ఆర్ఎంపీ డైక్లోఫెనాక్ ఇంజెక్షన్ వేస్తాడు, మందుల షాపువాడు చీటీ అడక్కుండా అదే మాత్ర ఇస్తాడు. బైపాస్ చేసినచోట, కుట్టి కలిపిన దగ్గర ఈ నొప్పి మాత్రలకు పుండు పడవచ్చు, రక్తం కారవచ్చు, ఒక్కోసారి రంధ్రమే పడవచ్చు. పారాసిటమాల్ వేసుకోవచ్చు, డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ లాంటివి వద్దు అని డిశ్చార్జి సమ్మరీ లోపలి పేజీలో చిన్న అక్షరాల్లో ఉంది. ఆ సమ్మరీని బావ ఎల్ఐసీ బాండ్లతో పాటు బీరువాలో దాచిపెట్టాడు. ముఖ్యమైన కాగితాన్ని మావాళ్ళు అలాగే దాస్తారు.

షుగర్ మందుల విషయం అంతకన్నా తొందర పనిది. ఆపరేషన్ అయిన కొద్ది రోజుల్లోనే షుగర్ దిగిపోతుంది కాబట్టి పాత మోతాదులో ఇన్సులిన్, కొన్ని రకాల మాత్రలు వేసుకుంటే ప్రమాదం. అక్క విషయంలో ఇది మీవాళ్ళు గట్టిగా చెప్పి మోతాదు తగ్గించి పంపారు, మేమూ పాటించాం. కానీ కళ్ళు తిరగడం, చెమటలు పట్టడం ఎందుకొచ్చిందో తేల్చుకోవడం మాత్రం ఇంట్లోవాళ్ళకు సాధ్యం కాలేదు. పళ్ళరసమో, స్వీటో, చక్కెర వేసిన పాలో తాగితే ఆ తీపి ఒక్కసారిగా పేగులోకి దిగి, పది నిమిషాల నుంచి అరగంటలోపు గుండెదడ, చెమట, కడుపునొప్పి, విరేచనం వస్తాయి. డంపింగ్ అంటారు దాన్ని. మళ్ళీ గంట నుంచి మూడు గంటల తర్వాత షుగర్ పడిపోవడం వల్ల కూడా కళ్ళు తిరుగుతాయి. మొదటిదాన్ని చూసి మావాళ్ళు హడావిడిగా గ్లూకోజ్ పొడి కలిపిన నీళ్ళు పట్టిస్తారు, అది ఇంకా ముదురుతుంది. గ్లూకోమీటర్‌తో చూసి, ఎంత ఉంటే ఏం చేయాలో రెండు వాక్యాల్లో రాసిస్తే ఇంట్లో ఈ టెన్షన్ ఉండదు. పలకరించడానికి వచ్చే చుట్టాలు పళ్ళరసాలు, హార్లిక్స్ సీసాలు, మైసూర్‌పాకు పట్టుకొస్తారు. "ఒక్క ముక్క తింటే ఏమవుతుందమ్మా" అనని పెద్దమనిషి ఉండడు. ఆ మాటకు ఎదురు చెప్పలేక తినే ఆడవాళ్ళు ఎంతమందో. "డాక్టరుగారు వద్దని రాశారు" అని చూపించుకోవడానికైనా తెలుగులో ఒక కాగితం ఉంటే వాళ్ళకు అండగా ఉంటుంది.

ఒక్కపొద్దుల సంగతి కూడా అడగండి. శనివారాలు, కార్తీక సోమవారాలు, ఏకాదశి, శివరాత్రి. ఆపరేషన్ అయిన మొదటి నెలల్లో నీళ్ళు కూడా ముట్టకుండా ఒక పగలంతా ఉంటే ఏమవుతుందో మీకు తెలుసు. మీరు అడిగితే తప్ప మావాళ్ళు చెప్పరు, ఎందుకంటే వాళ్ళ లెక్కలో అది తిండి విషయం కాదు, దేవుడి విషయం.

విటమిన్ల దగ్గరికి వస్తాను. మల్టీవిటమిన్, ఐరన్, బి12, విటమిన్ డి, కాల్షియం సిట్రేట్. బైపాస్ అయినవాళ్ళకు ఇవి జీవితాంతం తప్పవు. పేగులో మొదటి భాగాన్ని దాటవేయడం వల్ల ఐరన్, కాల్షియం సరిగా ఒంటబట్టవు. ఆమ్లం తగ్గడంతో బి12 కూడా సరిగా అందదు. మా ఊళ్ళల్లో ఈ మాత్రలన్నిటినీ బలం బిళ్ళలంటారు, ఒంట్లో కాస్త ఓపిక రాగానే మానేస్తారు. బి12 కాలేయంలో ఏళ్ళకు సరిపడా నిల్వ ఉంటుంది కాబట్టి మానేసిన వెంటనే ఏమీ తెలియదు. ఎప్పటికో అరికాళ్ళు తిమ్మిరెక్కితే అది పాత షుగర్ వల్లే అనుకుంటారు. ఐరన్, కాల్షియం ఒకేసారి మింగకూడదు, మధ్యలో రెండు గంటలైనా ఉండాలి. మందుల షాపులో కాల్షియం అనగానే కార్బొనేట్ మాత్ర చేతిలో పెడతారు, సిట్రేటే అడిగి తీసుకోవాలి, ఎందుకంటే ఆమ్లం తక్కువైన పొట్టలో కార్బొనేట్ సరిగా కరగదు. ఇవన్నీ మీవాళ్ళు నోటితో చెప్పారు. నోటితో చెప్పింది సూళ్ళూరుపేట దాటేలోపు సగం మరిచిపోతారు.

ఖర్చు కూడా ముందే చెప్పండి. ఇన్సూరెన్స్ నిబంధనల్లో బీఎంఐ (ఎత్తుతో పోల్చి బరువును చూసే లెక్క) 40 దాటితేనో, 35 దాటి తీవ్రమైన షుగర్, గుండెజబ్బు, నిద్రలో ఊపిరాగే జబ్బు లాంటివి ఉంటేనో ఆపరేషన్‌కు డబ్బులొస్తాయి. ఇంటికొచ్చాక ఏళ్ళ తరబడి కొనుక్కునే విటమిన్లకు, ప్రొటీన్ పొడికి రావు. పైగా 2022లో అమెరికా సర్జన్ల సంఘం, అంతర్జాతీయ సర్జన్ల సమాఖ్య కొత్త మార్గదర్శకాలిస్తూ, ఆసియా వాళ్ళకు బీఎంఐ 27.5 నుంచే ఈ ఆపరేషన్ ఆలోచించవచ్చన్నాయి. అంటే ఇన్సూరెన్స్ లేకుండా, పొలమో నగలో కుదువపెట్టి వచ్చేవాళ్ళు ఇకముందు పెరుగుతారు. మీ ప్యాకేజీ కాగితంలో గది అద్దె, ఆపరేషన్‌లో పొట్టను కోసి మూసే స్టేప్లర్ ఖరీదు వివరంగా ఉంటాయి. నెలనెలా మాత్రలకు ఎంతవుతుందో, 3, 6, 12 నెలలకు, ఆ తర్వాత ఏడాదికొకసారి చేయించాల్సిన రక్తపరీక్షలకు ఎంతవుతుందో ఆ కాగితంలోనే చేర్చండి. కుటుంబం ఆ లెక్క చూసుకుని నిర్ణయం తీసుకుంటుంది.

ఆడపిల్లల గురించి ఒక మాట. పెళ్ళయి పిల్లలు కలగక, హార్మోన్ల తేడాతో నెలసరి తప్పే పీసీఓఎస్ ఉండి, బరువు తగ్గితే కడుపు పండుతుందన్న ఆశతో వచ్చేవాళ్ళను నేను చూశాను. బరువు తగ్గడం మొదలవగానే నెలసరి గాడిన పడి గర్భం నిలిచే అవకాశం నిజంగానే పెరుగుతుంది. కానీ ఆపరేషన్ తర్వాత 12 నుంచి 18 నెలలు ఆగాలి, అప్పటిదాకా తల్లి ఒంట్లోనే సరిపడా పోషకాలు ఉండవు. ఈ మాట ఆ అమ్మాయి ఒక్కదానికే చెబితే సరిపోదు. భర్తకు, అత్తగారికి మీ నోటితో చెప్పాలి. ఇంట్లో ఆమె చెబితే వినరు. అలాగే మూడో నెల నుంచి జుట్టు దువ్వెనకు కుచ్చులు కుచ్చులుగా వస్తుంది. అది చాలామందికి వస్తుందని, ప్రొటీన్, ఐరన్ సరిగా తీసుకుంటే కొన్ని నెలల్లో మళ్ళీ వస్తుందని ముందే తెలియకపోతే ఆ పిల్ల కుమిలిపోతుంది.

తెలుగులో ఇవ్వమని అడగడం అదనపు సౌకర్యం కోరడం కాదని నా నమ్మకం. జాతీయ మానవ హక్కుల కమిషన్ తయారుచేయగా 2019లో కేంద్ర ఆరోగ్య శాఖ రాష్ట్రాలకు పంపిన రోగుల హక్కుల పత్రం, రోగికి తెలిసిన భాషలో సమాచారం చెప్పాలంటుంది. మీ గోడలకు తగిలించిన ఎన్ఏబీహెచ్ (ఆసుపత్రుల నాణ్యత చూసి గుర్తింపునిచ్చే జాతీయ బోర్డు) గుర్తింపు ప్రమాణాల్లోనూ పేషెంటుకు అర్థమయ్యే భాషలో వివరించాలని ఉంది. తమిళనాడులో తమిళం తర్వాత ఎక్కువమంది మాతృభాష తెలుగే. వీళ్ళు కాక సరిహద్దు దాటి వచ్చే మావాళ్ళూ ఉన్నారు. మీ వెబ్‌సైట్లో ఆపరేషన్ ప్రకటనలు తెలుగులో కనిపిస్తున్నాయి. డిశ్చార్జి కాగితం కూడా తెలుగులో రావాలి.

ఫోన్ గురించి చెప్పి ముగిస్తాను. ఆపరేషన్ అయిన ఏడాది పాటు, తెలుగు వచ్చిన ఒక నర్సో డైటీషియనో రోజులో ఏవో రెండు గంటలు ఎత్తే నంబరు ఒకటి పెట్టండి. అక్క ప్రతిసారీ చెన్నై రానక్కర్లేదు. రక్తపరీక్షలు నెల్లూరులోనే చేయించి రిపోర్టు వాట్సాప్‌లో పంపగలదు. చూసి, ఈ మాత్ర పెంచండి, అది కొనసాగించండి అని చెప్పే మనిషి ఉంటే చాలు. జ్వరం, ఆగని కడుపునొప్పి, గుండెదడ, ఆయాసం, పిక్క వాపు వస్తే మాత్రం ఆ రెండు గంటల కోసం ఎదురుచూడకుండా వెంటనే ఎక్కడికి వెళ్ళాలో అదే కార్డు మీద ఉండాలి.

తెలుగు చార్టు రాయడానికి ఖర్చవుతుందని వెనకాడవద్దు. నేనూ, మా బడిలో నాతోటి తెలుగు టీచర్లూ డబ్బు తీసుకోకుండా రాసిస్తాం. ఏ దశలో ఏది, ఎన్ని చెంచాలు అన్నది మీ డైటీషియన్లు సరిచూసి సంతకం పెట్టాలి, అందులో మా సొంత కవిత్వం ఉండకూడదు. అక్క అత్తగారు కూడా వంటల భాగం చెప్పడానికి ఒప్పుకుంది. వచ్చే నెల అక్క ఏడాది రక్తపరీక్ష రిపోర్టులతో వస్తోంది. ఆ రోజు మొదటి ప్రతి తెచ్చి, ఆమెకు ఆపరేషన్ చేసిన ఆసుపత్రి డైటీషియన్ చేతికిస్తాను. మిగతా ఆసుపత్రుల్లో ఎవరు అడిగినా, సాయంత్రం బడి వదిలాక స్వయంగా వచ్చి ఇస్తాను.

ఇట్లు,
ఒక తెలుగు టీచర్,
పెరంబూరు, చెన్నై